కుస్మీటోలా కుక్కల మెడలో ఎర్రగుడ్డ

మా నాన్న లైన్‌పెట్టె అడగడానికి మా తమ్ముడి కూతురు పింకీ పోయిన ఆదివారం నా గదిలోకి వచ్చింది. గూడ్సు గార్డు డ్యూటీకి వెళ్లేటప్పుడు జెండాలు, విజిలు, చేతిలాంతరు పెట్టుకుని, రైలు చివరనుండే బ్రేక్‌వాన్‌లోకి ఎక్కించే ఇనప పెట్టె అది. నాన్న పోయిన దగ్గరనుంచి నా మంచం కింద ఉంటోంది. పైన రెండు రగ్గులున్నాయని తెలుసు. వాటి కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే చూడబుద్ధి కాలేదు. పింకీ, దాని స్నేహితులు కలిసి వీధికుక్కలకు పిచ్చి రాకుండా టీకాలు వేస్తుంటారు. మా ఊరవతలి దల్మా కొండవాలు మీది ఊళ్లకు కూడా జీపు వేసుకుని పోతారు. సూదులు, మందులు, కట్టుగుడ్డలు పెట్టుకోవడానికి గట్టి పెట్టె కావాలట. సరే, ఖాళీ చేసి ఇస్తానన్నాను. అది అక్కడితో ఆగలేదు. మంచం మీద కూర్చుని, "కుస్మీటోలా వాలే పాగల్ హై, బువా. గాడీ దేఖ్‌తే హీ పత్థర్ ఉఠాతే హై. అన్‌పఢ్ లోగ్" అంది. జీపు కనిపిస్తే చాలు రాళ్లు అందుకుంటున్నారట, చదువులేని మనుషులట, వాళ్లకు చెప్పి ప్రయోజనం లేదట. నేను తెలుగులో ఏదడిగినా హిందీలోనే జవాబు చెప్పే ఆ పిల్లకు, ఆ ఊరివాళ్లు రాళ్లెందుకు అందుకుంటారో నాకు తెలుసని చెప్పలేకపోయాను. వాళ్లు పిచ్చివాళ్లు కారు. వాళ్లకు ఒకసారి చదువుకున్న మనిషి చెప్పింది, వాళ్లు విన్నారు. ఆ చదువుకున్న మనిషిని నేనే.

అప్పుడు మేం బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. అమ్మ చిన్నప్పుడే పోతే మా నాన్న అక్క, మా పెద్దత్త, పలాస దగ్గర తన ఊరు వదిలేసి వచ్చి మమ్మల్ని పెంచింది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది: యార్డు బొగ్గుపొగ, నాన్న లాంతరు తుడిచే కిరసనాయిలు, పెద్దత్త చుట్ట, వార్చిన గంజి. పెద్దత్త చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది, మా వైపు ముసలమ్మలందరిలాగే. అలా అడ్డపొగ పీలుస్తూనే అన్నం వార్చేది, అలానే నన్ను తిట్టేది, అలానే గంజిలో చద్దన్నం కలిపి పెరటి గుమ్మం దగ్గర మూకుడులో పోసేది. మూకుడు చప్పుడుకి మా క్వార్టర్ల లైనులోని కుక్కలన్నీ వచ్చి వరస కట్టేవి. నిజంగానే వరస. తోసుకున్నదాన్ని పెద్దత్త చీపురుతో కొట్టేది. నాన్న డ్యూటీ దిగి వచ్చేవేళకు యూనిఫాం చూసి తోకలూపేవి కానీ ఆయన వాటిని పట్టించుకునేవారు కాదు. ముందు లైన్‌పెట్టె తెరిచి, జెండాలు దులిపి, కర్రకు చుట్టి, లాంతరు తుడిచి, అప్పుడు కాళ్లు కడుక్కునేవారు. రైల్వే ఇచ్చిన జెండాల గుడ్డ బేగి వెలిసిపోతుందని, సొంతానికి ఇంకో జత గుడ్డ కొని పెద్దత్త చేత కుట్టించుకున్నారు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఆ జతను మా ఇంట్లో దేవుడి పటాలకంటే శుభ్రంగా ఉంచేవారు.

ప్రతి మంగళవారం బుధ్‌ని వచ్చేది. దల్మా వాలు మీది కుస్మీటోలా నుంచి సాల్ చెట్టు ఆకుల విస్తళ్లు కుట్టి, కట్టలు కట్టి, నెత్తిన పెట్టుకుని బాగ్‌బేరా బజారుకు తెచ్చేది. బజారుకు పోకముందే మా గుమ్మంలో దిగేది. ఆవిడది సంతాలీ, పెద్దత్తది శ్రీకాకుళం తెలుగు. మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీ. ఆ హిందీ విన్నవాడెవడూ దాన్ని హిందీ అని ఒప్పుకోడు. అయినా ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఒకే చుట్టను పంచుకుని గంటలు మాట్లాడుకునేవారు. బుధ్‌ని వెనకాలే ఒక తెల్ల కుక్క వచ్చేది, ఒక చెవి మాత్రం గోధుమరంగు. దాని పేరు చర్కా. కొండ దిగి, ఏరు దాటి, అంత దూరం నడిచి వచ్చి, మా లైను కుక్కల మధ్య ఏ గొడవా పడకుండా విస్తళ్ల కట్ట పక్కన పడుకునేది. పెద్దత్త దానికి మాత్రం వేరే గిన్నెలో పోసేది. "సుట్టం కాదేటే మరి, దూరం నుంచొచ్చింది" అనేది.

ఒక మంగళవారం బుధ్‌ని విస్తళ్లు దించకుండానే చెప్పింది. కొండ కింద ఊళ్లో పిచ్చికుక్క కరిచి ఒక పిల్ల చచ్చిపోయింది. సర్కారు ఆఫీసువాళ్లు వచ్చి, వాలు మీద ఉన్న ఊళ్లన్నిటిలో కుక్కల్ని విషం పెట్టి చంపేస్తామని చెప్పి వెళ్లారు. "కుత్తా నహీ తో హాథీ కౌన్ బోలేగా?" అని అడిగింది. కుక్కల్లేకపోతే ఏనుగు వస్తోందని మాకు ఎవరు చెప్తారని. అది ఊరికే అన్న మాట కాదు. వరి పండే వేళకు దల్మా అడవిలోని ఏనుగులు వాలు మీది పొలాల్లోకి దిగుతాయి. మట్టిగోడ వెనక ధాన్యం వాసన పడితే గోడే పగలగొడతాయి. కుక్కలు ముందే మొరిగితే మనుషులు డప్పులు, కాగడాలు పట్టుకుని బయటపడతారు. లేకపోతే గోడ కింద పడతారు. మనకి కుక్క ముద్దుకో, దయకో. వాళ్లకి అది ఇంటి గోడ.

నాకప్పుడు బీకాం అయిపోయి, చేతిలో పని లేక, ఊరంతా నాదే అన్నంత ఉత్సాహం. సాక్చీలో రిటైరైన బెంగాలీ పశువుల డాక్టరు ఒకాయన ఉండేవారు. మా లైనులో కుక్కకి ఆక్సిడెంటయితే కాలికి కట్టు కట్టింది ఆయనే. టీకాలు వేసిన కుక్కల్ని చంపనక్కర్లేదు, పైగా అవే ఊరికి కాపలా, ఆఫీసువాళ్లకు రాసి ఒప్పించు, సూదులు నేను వేస్తానన్నారు. రాసి ఒప్పించడం! ఆ మాట విన్నప్పుడు ఎంత తేలిగ్గా అనిపించిందో. రాష్ట్రం కొత్తగా వేరైన రోజులవి. ఆఫీసు బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు గీసేసి కొత్త పేరు రాస్తున్నారు, లోపల మాత్రం పాత బూజే. ఒక బల్ల దగ్గరికి వెళ్తే ఆ ఊళ్లు అడవి శాఖవి అనేవారు. అడవి శాఖకు వెళ్తే కుక్క అడవి జంతువు కాదనేవారు. పశువుల శాఖకు వెళ్తే వీధికుక్క పశువు కాదనేవారు. అందరూ కలిసి చెప్పే మాట ఒక్కటే: "లిఖ్ కే దీజియే." రాసి ఇచ్చాను. మళ్లీ వెళ్తే ఆ కాగితం కనిపించలేదు, మళ్లీ రాసివ్వమన్నారు. మళ్లీ రాశాను. పెద్ద గుమాస్తా పాన్ నములుతూ, "బేటీ, షాదీ నహీ హుయీ క్యా?" అని, పెళ్లి ఇంకా కాలేదా అని పరామర్శించాడు. ఇంత కోపం నాకు ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతుంటాడు మా తమ్ముడు. ఆ వరండా బెంచీ మీదనుంచి వచ్చింది.

చివరికి ఒక అధికారి సంతకం పెట్టాడు. టీకా వేసి మెడకు గుర్తు కట్టిన కుక్కల్ని వదిలేయాలి, మిగతావాటిని చంపాలి. అంతే రాశాడు, "గుర్తు" అని. ఏం గుర్తు, ఏ రంగు అని రాయలేదు. రాయాలని నాకూ తోచలేదు. ఆ కాగితం నకలు పట్టుకుని ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రం మా వంటింట్లో జరిగిన మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు. మెడకు ఏం కట్టాలన్నది ప్రశ్న. "పాత సీర సింపేద్దునేటి?" అంది పెద్దత్త. వద్దు, దూరం నుంచి కనిపించాలన్నాను. నాన్న లాంతరు తుడుస్తూ విన్నారు. లేచి వెళ్లి పెట్టెలోంచి ఎర్రజెండా తీసుకొచ్చి నా ఒళ్లో వేశారు. సొంత జతలోది.

"ఇది కట్టు. ఎర్రజెండా సూత్తే ఎంత పెద్ద బండైనా ఆగిపోద్ది. రాజధాని ఎక్స్‌ప్రెసైనా ఆగాల్సిందే. మనిషి ఆగడేటి?" అన్నారు.

మాకు ముగ్గురికీ ఆ మాటలో ఏ లోపమూ కనిపించలేదు. పుట్టిన దగ్గరనుంచి మాకు ఎరుపంటే ఒక్కటే: ఆగు. ఎరుపు చూపించినవాడు ప్రాణం కాపాడతాడు. పట్టాల పక్కన బతికిన ఇల్లు మాది. పట్టాలకు అవతల ఉన్న లోకం ఆ రంగును ఎలా చూస్తుందో ఆలోచించే బుర్ర మాలో ఒక్కరికీ లేకపోయింది. పెద్దత్త కత్తెర తెచ్చింది. నేనే పేలికలు చింపాను.

రెండు రోజులు కుస్మీటోలాలో ఉన్నాం. డాక్టరుగారు థర్మాస్ ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య మందు పెట్టుకొచ్చారు. ఇప్ప పూలు ఎండేసిన వాకిళ్లు, గోడల మీద తెల్లని, నల్లని గీతలు, ఎక్కడ చూసినా కుక్కలు. ఒడిసి పట్టడం తెలియక నా చేతులనిండా గీరలు. బుధ్‌ని పిలిస్తే చర్కా దానంతటదే వచ్చి కూర్చుంది, సూది గుచ్చినా కదల్లేదు. ఊళ్లో సగంమంది తమ కుక్కల్ని పట్టి తెచ్చారు. మిగతావాళ్లు, ముసలి మగాళ్లు ముఖ్యంగా, దూరంగా నిలబడి చూశారు. చంపేవాళ్లు వచ్చే రోజున కుక్కల్ని పైకి, అడవిలోకి తోలేస్తామని వాళ్లు అన్నారు. ఎప్పుడూ వాళ్లు చేసేది అదేనట.

నేనొప్పుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది. "జంగల్ మే మత్ భగాయియే" అని, అడవిలోకి తోలొద్దని ఊరి మధ్య నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. పారిపోయిన కుక్కను చూస్తే వాళ్లకు అనుమానం వస్తుంది. వాకిట్లో కట్టేసి ఉంచండి, ఎర్రగుడ్డ బాగా కనిపించేటట్టు. చూసి వాళ్లే వెళ్లిపోతారు. ఆఫీసరు సంతకం ఉంది. గురువారం వస్తామన్నారు, నేనూ వాళ్లతోనే ఉంటాను. ఇలా. బుధ్‌ని అందరికీ సంతాలీలో చెప్పింది. మా పెద్దత్త ఇంటి పిల్ల, అబద్ధం చెప్పదని కూడా చెప్పిందట.

వాళ్లు గురువారం రాలేదు. బుధవారమే వచ్చి వెళ్లిపోయారు.

కుస్మీటోలాలో ఎర్రగుడ్డ కట్టిన కుక్క ఒక్కటి కూడా మిగల్లేదు. వాకిళ్లలో కట్టేసి ఉన్నాయి కదా, పారిపోవడానికి లేదు. ముందు ఎర్రగుడ్డవాటికే మాంసం ముద్దలు వేశారట. నా మాట వినకుండా అడవిలోకి తోలేసినవాళ్ల కుక్కలు మాత్రం మర్నాటికి తిరిగి వచ్చాయి, టీకా లేకుండా, గుర్తు లేకుండా, బతికి. నన్ను నమ్మినవాళ్ల కుక్కలే చచ్చిపోయాయి. ఇన్నేళ్లుగా ఈ వాక్యాన్ని ఎటు తిప్పి చూసినా నాకు ఇంకోలా కనిపించలేదు.

నేను ఆఫీసుకు పరిగెత్తాను. కుక్కల్ని చంపే జట్టుకు పెద్ద అక్కడే చెట్టుకింద టీ తాగుతున్నాడు. బయటినుంచి కాంట్రాక్టు మీద తెచ్చిన మనిషి. ఆఫీసరు సంతకం పెట్టిన కాగితం అతనికి ఎవరూ చూపించలేదు, అది ఇంకా పెద్ద గుమాస్తా బల్లమీదే ఉంది. నేను కేకలేస్తుంటే అతను నిజంగానే తెల్లబోయాడు. "లాల్ కపడా తో ఖత్రే కా హోతా హై న, దీదీ?" అన్నాడు. ఎరుపంటే ప్రమాదమే కదా అని. పిచ్చి పట్టినవాటిని ఊరివాళ్లే గుర్తుపెట్టి, కట్టేసి ఉంచారనుకున్నాడట. "ఆప్ లోగ్ బడా హెల్ప్ కియే" అని, మీరు చాలా సాయం చేశారని, నా కోసం ఇంకో టీ చెప్పాడు. వాడు దుర్మార్గుడై ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఒక మొహం మిగిలేది. వాడు నాకు కృతజ్ఞత చెప్పాడు.

ఆ తర్వాతి మంగళవారం బుధ్‌ని వచ్చింది. నెత్తిన విస్తళ్లు లేవు, వెనకాల కుక్క లేదు. కొంగుముడి విప్పి ఎర్రపేలిక తీసింది. ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి తెచ్చింది. నా చేతికివ్వలేదు, పెద్దత్త పక్కన గచ్చు మీద పెట్టింది. "మై హీ బాంధీ థీ" అంది. నేనే కట్టేశాను అని. నా వైపు చూడలేదు. పెద్దత్త చుట్ట ఇవ్వబోతే వద్దని చెయ్యూపింది. ఆవిడ మా గుమ్మం ఎక్కడం అదే ఆఖరు. ఆ ఏడు కోతల వేళ ఏనుగులు కుస్మీటోలాలో మూడిళ్లు కూల్చాయని బజారులో ఎవరో చెప్తే విన్నాం. ఎవరి ఇళ్లు అని అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

బుధ్‌ని వీధి మలుపు తిరగ్గానే నేను నాన్న మీద పడ్డాను. ఎవరిమీదో ఒకరిమీద పడాలి కదా.

"ఎంత పెద్ద బండైనా ఆగిపోద్దన్నావు. ఆగిందా? నీ ఎర్రజెండా వల్లే సచ్చిపోనాయి అన్నీ. రైలు తప్ప నీకు లోకంలో ఇంకేటి తెల్సు?"

"ఒలే, గుంటా! తప్పు గుడ్డదేటే?" అని పెద్దత్త నన్ను గదమాయించింది. నాన్న మాత్రం లాంతరు అద్దం తుడుస్తూనే ఉన్నారు. అప్పటికే తుడిచిన అద్దం.

అంతటితో నేను కుక్కల పని వదిలేశాను. గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో లెక్కల ఉద్యోగం వస్తే చేరిపోయాను. వానలు తగ్గి రోడ్లు ఆరగానే ప్రతి ఏడాదీ నాన్న ఒకసారి అడిగేవారు, "కుస్మీటోలా ఎల్లవేటి, అమ్మలూ?" అని. పెళ్లి సంబంధం గురించి అడిగినట్టు, ఎటో చూస్తూ. "ఎల్లను" అనేదాన్ని. ఎందుకు అడుగుతున్నారో నేను ఒక్కసారి కూడా ఎదురు అడగలేదు. గాయం మీద గోకుతున్నారనే అనుకున్నాను. పెద్దత్త పోయింది, కొన్నేళ్లకు నాన్న పోయారు. ఇప్పుడు పింకీవాళ్లు టీకా వేసిన కుక్కకు చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. చూసినవాడికి చాలు, గుడ్డా లేదు, రంగూ లేదు. ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటారు, మందు చల్లపెట్టె బ్యాటరీతో నడుస్తుంది. అన్నీ మాకంటే నయం. ఆఫీసులో మాత్రం వీళ్లను కూడా రాసి ఇవ్వమనే అంటున్నారట. ఊరివాళ్లు వినకపోతే చదువులేనివాళ్లని వీళ్లూ అంటున్నారు. మేమూ అదే అన్నాం. అది మాత్రం మారలేదు.

నిన్న మధ్యాహ్నం పెట్టె లాగి రగ్గులు తీశాను. విజిలు, గాజు పగిలిన లాంతరు, ఆకుపచ్చ జెండా కర్ర. కర్రకు జెండా లేదు. దాని కింద పాత తువ్వాలు మూట ఉంటే విప్పాను. ఆకుపచ్చ జెండాను నిలువునా పట్టీలుగా కత్తిరించి పెట్టారు. నా ఎర్రపేలికల్లా చింపినవి కావు. స్కేలు పెట్టి గీసి కత్తిరించినవి. ప్రతి పట్టీ అంచు లోపలికి మడిచి కుట్టి ఉంది. రెండు కుట్లకోసారి ముడి వేసే పెద్దత్త చేతికుట్టు. ప్రతిదానికీ టిచ్ బటన్లు, కుక్క ఎక్కడైనా ముళ్లకంపలో చిక్కుకుంటే ఊడి వచ్చేలా. అంత ఆలోచించారు ఇద్దరూ కూర్చుని. ఆకుపచ్చ అంటే పోవచ్చు, దారి ఇచ్చాం అని. మళ్లీ రైలు భాషే, వాళ్లకు వచ్చింది అదొక్కటే. వాటన్నిటి కింద ఒక ఎర్రపేలిక, ఉతికి మడత పెట్టినది.

ఏడాదికోసారి అడిగింది దీనికోసమన్నమాట. సిద్ధం చేసుకుని అడిగారు. నేను ఎల్లనన్నాను.

గచ్చు మీద కూర్చుని బాగా ఏడ్చాను. ఏడ్చాక ఎప్పటిలాగే కోపం వచ్చింది. ఈసారి ఆఫీసు మీద కాదు.

సాయంత్రం పింకీ వచ్చి, "ఖాలీ హో గయా, బువా?" అని పెట్టె వైపు చూసింది. కూర్చోమని మొత్తం చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి వినడం నేను చూడటం అదే మొదలు. ఆకుపచ్చ పట్టీలు ఒక్కొక్కటీ తిరగేసి, టిచ్ బటన్ నొక్కి, విప్పి, మళ్లీ నొక్కింది.

"కుస్మీటోలా ఎప్పుడెల్తారు మళ్లీ?" అన్నాను.

"వహా అబ్ కౌన్ జాయేగా?" ఇంకెవరెళ్తారు అక్కడికి అంది.

"నాను వత్తాను. నన్ను తీసుకెల్లండి."

"ఆప్‌కీ బాత్ క్యో సునేంగే వో లోగ్?" నా మాట వాళ్లెందుకు వింటారని అడిగింది. తర్వాత చేతిలోని పట్టీ మడత పెట్టి, ఎన్నడూ లేనిది తెలుగులో అంది, "తిట్తారు, అత్తా."

"తిట్టాలి. ఇన్నేళ్ల నుంచి తిట్టాల్సిన మనిషి దొరక్క మీమీద రాళ్లేత్తన్నారు. ముందు నన్ను తిట్టనీ. ఆ తరవాత కుక్కని పట్టుకుంటారో లేదో ఆల్ల ఇష్టం."

బుధ్‌ని ఉందో పోయిందో తెలియదు. ఉంటే ఈ వయసులో నన్ను గుర్తుపడుతుందో లేదో కూడా తెలియదు. ఆదివారం వెళ్దామంది పింకీ. పెట్టె దానికిచ్చేశాను. ఆకుపచ్చ పట్టీలు మూటకట్టి అందులోనే ఉంచాను, వాటిని కట్టమనే హక్కు నాకు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వమన్నాను. ఎర్రపేలిక మాత్రం తీసి నా చేతిసంచిలో వేసుకున్నాను.